'నవల' శబ్దము: అర్థమును, ప్రయోగమును

ఆంగ్లమునందలి 'నావెల్' పదమున కర్థమేమని నేడు పాఠశాల విద్యార్థి నడిగినను 'నవల' యని తడుముకొనక చెప్పును. ఈ యుత్తరము మన పండితులకు దొరకుటకు సుమారు పాతికేండ్లు పట్టినది.

1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించుచు దానిని నవీన ప్రబంధ మనెను. 1878లో వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రమును ప్రారంభించిన వీరేశలింగము పంతులు తన గ్రంథమును వచన ప్రబంధ మనెను. గోల్డ్‌స్మిత్ రచనను చదివి దాని ఛాయలను గ్రహించిన పంతులుగారు ఆంగ్లపదము నెరుగనివారు కారు. అయినను ఇరువురును పరిచితమైన ప్రబంధ శబ్దమునే ఆశ్రయించిరి. అష్టాదశ వర్ణనలకు నెలవైన ప్రబంధమెక్కడ, గృహస్థుని కష్టసుఖములను వచనమున చెప్పు కథ యెక్కడ! విశేషణము చేర్చినంత మాత్రమున పాతపేరు క్రొత్త వస్తువునకు చాలలేదు.

1896లో కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి రాజశేఖర చరిత్రమును విమర్శించుచు 'నవల' శబ్దమును వాడిరి. నవ శబ్దమునకు, గ్రహించుట యను నర్థముగల 'లా' ధాతువును చేర్చి, క్రొత్తదనమును గ్రహించునది యని వ్యుత్పత్తి కల్పించిరి. దీనిని కేవలము శబ్దచమత్కార మనుట మాకు సమ్మతము కాదు. ఆంగ్లపదము ఇటాలియను 'నొవెల్లా' నుండి వచ్చినది. దాని మూలమైన లాటిను 'నోవుస్' సంస్కృత 'నవ'కు జ్ఞాతి. కావున పూర్వార్ధమున చుట్టరికము నిజమే. 'ల' మాత్రము కల్పితము. ఇటాలియనులో నది అల్పార్థక ప్రత్యయము. ఇంతమాత్రమున ఆంగ్లపదము సంస్కృతమునుండి పుట్టినదని పరిశోధక విద్యార్థులు వ్రాయరాదు. జ్ఞాతిత్వము వేఱు, జన్యజనకత్వము వేఱు.

పొరుగు భాషల త్రోవలు వేఱు. కన్నడ మరాఠీలు బాణుని గ్రంథనామమైన కాదంబరిని జాతివాచకము చేసికొన్నవి. నిజాం రాష్ట్రమున బోధనాభాషగా నుండిన ఉర్దూ 'నావల్' అని యథాతథముగ గ్రహించినది. వంగభాష 'ఉపన్యాస' మన్నది. తెలుగున ఉపన్యాసమనగా సభలో చేయు ప్రసంగము గనుక ఆ పదము మనకు పనికిరాదు.

శాస్త్రిగారి వ్యుత్పత్తి ఫలము ప్రయోగమున కనబడును. కళ, లత మొదలగు వానివలె నిది ఆకారాంత స్త్రీలింగ తత్సమముగ నడచి, నవలా సాహిత్యము, నవలాకారుడు అను సమాసముల కొదిగినది. స్త్రీ యను నర్థమున 'నవల' తెలుగు నిఘంటువులం దిదివరకే కలదు; కావున ధ్వనియు చెవికి క్రొత్తకాదు. అయితే ఆంగ్లమున నీ పదము విశేషణమై 'వినూత్నమైన' అనియు నర్థమిచ్చును. తెలుగు 'నవల'కు ఆ యర్థము సంక్రమింపలేదు. అట్టి ఆంగ్లవాక్యమును తెనిగించునపుడు 'క్రొత్త' యనియే వ్రాయవలెను.