ఎమ్మెల్యే లెటరూ, కాంగ్రెస్‌మన్ లెటరూ

మన దగ్గర ప్రజాప్రతినిధి లెటర్ అంటే ఏంటో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. తిరుమల బ్రేక్ దర్శనానికి లెటర్, ఆస్పత్రి బిల్లుకి సీఎం రిలీఫ్ ఫండ్ లెటర్, హాస్టల్ సీటుకి లెటర్. మా గట్టు నుంచి గద్వాల పోయే పొద్దుటి బస్సులో ఎమ్మెల్యే దగ్గరికి ఏదో ఒక కాగితం పట్టుకెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ లెటర్‌తో మనం ఆశించేది ఒకటే, లైన్లో నలుగురిని దాటి ముందుకెళ్ళడం.

అమెరికాలో గ్రీన్ కార్డ్ ఫైలు ఆగిపోయినప్పుడు "మీ కాంగ్రెస్‌మన్‌కి రాయి" అని ఎవరైనా అంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఇదే. సగంమంది "మనకి ఓటే లేదు, ఎవడు వింటాడు?" అని ఊరుకుంటారు. మిగతా సగం దీన్ని తిరుమల లెటర్ అనుకుని రాసి, పని కాకపోతే తిట్టుకుంటారు. నా లెక్కలో ఇద్దరూ పొరబడుతున్నట్టే.

నిజానికి ఒకప్పుడు అక్కడా తిరుమల లెటర్లు ఉండేవి, ఇంకా పెద్దవి. ప్రైవేట్ బిల్ అంటారు. ఫలానా వ్యక్తికి గ్రీన్ కార్డ్ ఇవ్వాలని కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేస్తుంది, ఒక్క మనిషి కోసం! ఇలాంటి చోట డబ్బు వాసన రాకుండా ఉంటుందా? 1980 లో అబ్‌స్కామ్ బయటపడింది. ఎఫ్‌బీఐ వాళ్ళు ఒక ఉత్తుత్తి అరబ్ షేక్‌ని సృష్టించి, ఆయనకి ఇమ్మిగ్రేషన్ ప్రైవేట్ బిల్ పెట్టిస్తే డబ్బిస్తామని ఎర వేశారు. ఆ కేసులో ఒక సెనెటర్‌కీ, ఆరుగురు ప్రతినిధుల సభ సభ్యులకీ శిక్ష పడింది. ప్రైవేట్ బిల్లులు ఇప్పటికీ పూర్తిగా పోలేదు గానీ, పాసయ్యేవి చాలా అరుదు.

మిగిలింది మామూలు ఎంక్వయిరీ. మీరుండే జిల్లా ప్రతినిధి ఆఫీసులో కేస్‌వర్కర్ అని ఒకరుంటారు. మీరు ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టి, రసీదు నంబర్ ఇస్తే, వాళ్ళు యూఎస్‌సీఐఎస్‌లో ఇందుకోసమే ఉన్న విభాగాన్ని అడుగుతారు. ఓటుందా అని అడగరు, ఆ జిల్లాలో ఉంటే చాలు. జనాభా లెక్కల్లో మనల్ని కూడా కలిపే కదా ఆ సీట్లు పంచేది! ఈ ఎంక్వయిరీ నిద్రపోయిన ఫైలుని లేపగలదు. అంతేగానీ లైన్ మార్చలేదు.

ఒక్కోసారి ఫైలుని లేపడం కూడా చేతకాదు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002 చివర్లో, పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల తాలూకు 27 లక్షల పేర్లు మళ్ళీ తనిఖీ చెయ్యమని ఎఫ్‌బీఐకి పంపారు. నేరం చేసినవాళ్ళ పేర్లతో పోల్చి వదిలేస్తే సరిపోయేది. ఏ కేసులోనైనా ఊరికే ప్రస్తావనకొచ్చిన పేర్లతో కూడా పోల్చారు. పేరు కలిస్తే ఎక్కడో ఫీల్డ్ ఆఫీసులో ఉన్న కాగితాల ఫైలు తీయించాలి. శ్రీనివాసరావులూ, వెంకటరెడ్డిలూ ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు :) 2007 మే నాటికి 3 లక్షల 29 వేల పైచిలుకు పేర్లు పెండింగ్, అందులో దాదాపు మూడో వంతు ఏడాది దాటినవి. కాంగ్రెస్‌మన్ ద్వారా అడిగినా చాలామందికి వచ్చిన జవాబు "నేమ్ చెక్ పెండింగ్", అంతే. ప్రకాశ్ ఖత్రీ అప్పటి ఇమ్మిగ్రేషన్ అంబుడ్స్‌మన్. ఆయన తన వార్షిక నివేదికలో దీన్ని గట్టిగా ఎత్తిచూపారు. చివరికి 2008 ఫిబ్రవరి 4న యూఎస్‌సీఐఎస్ రూలే మార్చుకుంది. నేమ్ చెక్ 180 రోజులు దాటి, మిగతావన్నీ సరిగ్గా ఉంటే గ్రీన్ కార్డ్ ఇచ్చెయ్యొచ్చంది.

ఈ మధ్యలోనే 2007 జులై వచ్చింది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను, టీమ్‌లో సీనియర్లు మాత్రం ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డ్ కోరేవాళ్ళు దాదాపు అందరూ జులైలో ఐ-485 వేసుకోవచ్చని జూన్‌లో వీసా బులెటిన్ వచ్చింది. జనం పెళ్ళిళ్ళు ముందుకి జరుపుకుని, ఇండియా టికెట్లు రద్దు చేసుకుని, మెడికల్ పరీక్షలకి పరిగెత్తారు. తీరా జులై 2న నంబర్లు అయిపోయాయన్నారు. మనవాళ్ళు లగే రహో మున్నాభాయ్ చూసిన ఊపులో యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్‌కి పూలు పంపారు. ఆయన వాటిని గాయపడ్డ సైనికుల ఆస్పత్రులకి పంపేశాడు. (అన్నట్టు, ఆ సినిమా మన శంకర్‌దాదా జిందాబాద్‌గా వచ్చింది కూడా అదే నెల 27నే.) పూల కథే అందరికీ గుర్తుంది గానీ, లాయర్ల దావా, ఇమ్మిగ్రేషన్ సబ్‌కమిటీ అధ్యక్షురాలు జో లాఫ్‌గ్రెన్ ఇద్దరు మంత్రులకి రాసిన ఉత్తరాలు కూడా అంతే పనిచేశాయని నేననుకుంటాను. జులై 17న వెనక్కి తగ్గి, ఆగస్టు 17 దాకా గడువిచ్చారు.

దరఖాస్తు వెయ్యనిచ్చారు, బానే ఉంది. కానీ కార్డు రావాలంటే నంబర్ కావాలి. 1990 చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఏటా సుమారు 1,40,000 కార్డులు. ఏ దేశానికైనా 7 శాతం పరిమితి, ఇండియాకైనా ఐస్‌లాండ్‌కైనా. దీనికి ఏ కేస్‌వర్కర్ దగ్గరా మందు లేదు.

ఈ లైన్లో ఉండటమంటే ఏంటో 2017 లో కాన్సస్‌లో అందరూ చూశారు. ఫిబ్రవరి 22న ఒలేతాలోని బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. భార్య సునయన దుమాల అంత్యక్రియలకి ఇండియా వచ్చింది. తిరిగి వెళ్ళడానికి ఆమెకి స్టేటస్ లేదు. డిపెండెంట్ వీసా, గ్రీన్ కార్డ్ దరఖాస్తు, అన్నీ భర్త పేరు మీదే. భర్త పోయిన రాత్రే అవీ పోయాయి. ఏళ్ళ తరబడి పన్నులు కట్టిన ఇల్లు అది. ఆ లైన్ కొంచెం ముందు కదిలి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ఆ జిల్లా ప్రతినిధి కెవిన్ యోడర్, రిపబ్లికన్. ఆయనా, ఇంకొందరూ పట్టుబట్టి ఆమె వెనక్కి వచ్చి ఏడాది పాటు పనిచేసుకునేలా అనుమతి ఇప్పించారు. ప్రజాప్రతినిధి సాయం అంటే ఇది. లైన్లో ఎవరినీ దాటించలేదు, కూలిన చోట నిలబెట్టారు. యోడర్ అక్కడితో ఆగకుండా, 7 శాతం పరిమితి తీసేసే హెచ్ఆర్ 392 బిల్లుని భుజానికెత్తుకున్నాడు. 2018 జనవరిలో అధ్యక్షుడి స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగానికి సునయనని అతిథిగా తీసుకెళ్ళాడు. జులైలో ఆ బిల్లుని హోంలాండ్ సెక్యూరిటీ బడ్జెట్‌కి జోడించి కమిటీలో నెగ్గించాడు. అది చివరిదాకా నిలవలేదు. నవంబర్‌లో ఆయనే ఓడిపోయాడు.

తర్వాత 2019 జులై 10న అదే ఆలోచనతో హెచ్ఆర్ 1044 ప్రతినిధుల సభలో 365-65 తో పాసైంది. అంత మెజారిటీ చూసి మనవాళ్ళు స్వీట్లు కూడా పంచుకున్నారు. సెనేట్ 2020 డిసెంబర్ 2న తన మార్పులతో ఎస్ 386 పాస్ చేసింది. రెండు సభలవీ రెండు రకాల బిల్లులు. కలిపి ఒకటి చేసేలోపు ఆ కాంగ్రెస్ కాలం అయిపోయింది, బిల్లూ దాంతోపాటే పోయింది. 2021 జనవరిలో కొత్త కాంగ్రెస్ వచ్చాక మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 7 శాతం మాత్రం 1990 లో రాసినట్టే ఉంది.