మధుర, కోయంబత్తూరు తెలుగు పాళేల పాత ఆయుధాలు: గుర్తింపు, కాలనిర్ణయం

పాత కత్తి, కటారి, ఈటె, తుపాకి ఏ కాలానివో, ఎక్కడివో తేల్చడానికి లోహం, పనితనం, ముద్రలు, మరమ్మతు ఆనవాళ్ళు ఆధారాలు. తమిళనాడులోని మధుర, దిండిగల్, కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు ఊళ్ళలో ఈ పని కొంచెం చిక్కైనది. విజయనగరం దండ్లు, మధుర నాయకుల బలగాలు, మైసూరు సైన్యం, ఈస్టిండియా కంపెనీ పటాలాలు ఒకరి తరవాత ఒకరు ఈ సీమలో తిరిగారు. అందువల్ల ఇక్కడ దొరికే ఒకే కత్తిలో రెండు మూడు కాలాలు కలిసి కనిపించడం మామూలే. పిడి ఒక తరానిది, అలుగు ఇంకో దేశానిది, మీద చెక్కిన అక్షరాలు ఆ తరవాత ఎప్పటివో అయి ఉంటాయి. ఒక్కో భాగానికి విడిగా వయసు కట్టి, అవన్నీ ఎప్పుడు ఒకటయ్యాయో చెప్పగలిగితేనే కాలనిర్ణయం పూర్తయినట్టు.

ఆయుధాలు చేరిన తీరు, చెదిరిన తీరు

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన స్థిరపరిచాక రాజ్యాన్ని 72 పాళేలుగా పంచారు. కంబళత్తు నాయకులు, కమ్మవారు మొదలైన తెలుగు కుటుంబాల వాళ్ళు చాలా పాళేలకు అధిపతులయ్యారు. పాళెగాడు శిస్తు కట్టాలి, పిలుపు వస్తే బలగంతో రావాలి. కాబట్టి ప్రతి పాళెంలోనూ ఆయుధాల కొట్టు, ఊరి కమ్మరి కొలిమి తప్పనిసరి. తిరుమల నాయకుడి కాలం (1623–1659) నాటికి ఈ ఏర్పాటు బాగా వేళ్ళూనింది. 1736లో నాయకుల పాలన ముగిసినా పాళేలు నిలిచాయి.

ఆయుధాలు పెద్ద ఎత్తున మాయమైంది 1801లో. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. 1801లో అతని తమ్ముడు ఊమైదొరై, శివగంగ మరుదు సోదరులు, దిండిగల్ వైపు విరూపాక్షి గోపాల నాయకుడు చేసిన తిరుగుబాటునూ అణచివేశారు. ఆ డిసెంబరులో మద్రాసు గవర్నరు ఆయుధాలన్నీ అప్పగించమని ప్రకటన జారీ చేశాడు. పాళెగాళ్ళ కోటలు పడగొట్టారు, ఆయుధాలు పోగుచేశారు. 1878 నాటి ఆయుధాల చట్టం మిగిలినవాటికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఈ కారణంగా ఈ ప్రాంతంలో 1801కి ముందు నుంచీ ఒకే ఇంట్లో చేతులు మారకుండా ఉందని చెప్పే ఆయుధాన్ని ఆ మాట మీదే నమ్మడానికి లేదు. కంపెనీ పక్షం వహించిన ఎట్టయాపురం లాంటి జమీందారీల్లోనూ, గుళ్ళలోనూ మిగిలే అవకాశం ఎక్కువ. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీందారుల ఇళ్ళ సామాను కూడా చెదిరిపోయింది.

తంజావూరు కథ ఇంకా బాధాకరం. నాయకుల కాలం నుంచి మరాఠా రాజుల దాకా పోగైన అక్కడి కోట ఆయుధశాల దక్షిణాదిలోకెల్లా గొప్పది. 1855లో శివాజీ రాజు మగ వారసుడు లేకుండా చనిపోయాడు. 1860లలో ప్రభుత్వం ఆ ఆయుధశాలను విడగొట్టింది. మేలైనవి కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరగా, ఎన్నో తుక్కు ఇనుము కింద పోయాయి. అక్కడి ఆయుధాల గురించి వాల్‌హౌస్ అనే అధికారి 1878లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాసిన వ్యాసం నేటికీ మొదట చూడవలసిన ఆధారం. తరవాత ఎగర్టన్ 1880లో ప్రచురించిన సచిత్ర పట్టిక, జార్జ్ కామెరాన్ స్టోన్ 1934 నాటి నిఘంటువు, రాబర్ట్ ఎల్‌గుడ్ 2004లో హిందూ ఆయుధాల మీద వెలువరించిన గ్రంథం ఈ శాస్త్రాన్ని వరసగా ముందుకు నడిపించాయి.

కటార్లు, కత్తులు

దక్షిణాది పనితనం కటారిలో కనిపించినంత బాగా ఇంకెందులోనూ కనిపించదు. రెండు నిలువు కమ్ముల మధ్య అడ్డకడ్డీలు, వాటిని పిడికిట్లో పట్టుకుంటే అలుగు పిడికిలికి సూటిగా ముందుకు వస్తుంది. విజయనగర, నాయక కాలపు కటార్లలో చేతి వెనుక భాగాన్ని కాచే ఉక్కు రేకు ఉంటుంది. గాలి నిండిన తెరచాపలా వంగి ఉండే ఆ రేకు కొన శరభం లేక యాళి తలతో ముగుస్తుంది. ఈ చేతి కాపు 16, 17 శతాబ్దాల గుర్తు. ఆ తరవాత ఉత్తరాదిలోనూ దక్కనులోనూ వ్యాపించిన కటార్లలో అది కనబడదు.

చేతి కాపు కటారికి కాలం కట్టడానికి గట్టి ఆధారం ఒకటి ఆంధ్రలోనే ఉంది. 1689లో మొగలు సైన్యం ఆదోనిని పట్టినప్పుడు బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలను తన ఆయుధశాలకు తీసుకుపోయాడు. వాటిమీద చుక్కలు చుక్కలుగా పొడిచిన నాగరి అక్షరాల ముద్రలున్నాయి. ఆ ముద్ర నిజమైనదైతే ఆ కటారి 1689కి ముందే తయారైందన్నమాట. తేదీలేని కటార్లను వాటితో పోల్చే చూస్తారు.

అలుగును దగ్గరగా చూడాలి. ఇలాంటి కటార్లలో చాలావాటికి ఐరోపా కత్తిని కోసి బిగించిన అలుగు ఉంటుంది. దాని నిలువు గాళ్ళు సహజంగా సన్నబడి ఆగవు, పిడి దగ్గర మేకులు దిగిన పట్టీ కిందకి పోయి ఒక్కసారిగా తెగిపోతాయి. ఒక్కోసారి ఐరోపా కమ్మరి ముద్ర సగం ఆ పట్టీ కింద దాగి ఉంటుంది. జర్మనీలోని జోలింగెన్, పస్సావు ఊళ్ళ పరుగెత్తే తోడేలు బొమ్మ, ఇటలీ జెనోవా వాళ్ళ కొడవలి జంట, ఆండ్రియా ఫెరారా పేరు తరచూ కనిపిస్తాయి. అయితే ఈ ముద్రలకు గిరాకీ ఉండడంతో మన కమ్మర్లు కూడా వాటిని కొట్టారు. అక్షరాలు తలకిందులైతేనో, స్పెల్లింగు పోతేనో అది స్థానిక నకలని అనుమానించాలి. నకలైనంత మాత్రాన ఆ అలుగు కొత్తది కానక్కరలేదు.

తల్వారుల సంగతి వేరు. వాటి అలుగు తోకను పిడిలోకి దించి లక్క, రాళ పోసి బిగించేవాళ్ళు. వేడి చేస్తే ఊడివచ్చే ఏర్పాటు కావడంతో పిడి మార్చడం నిమిషాల పని. పిడి ఆకారాన్ని బట్టి కత్తికంతటికీ తేదీ కట్టే సేకర్తలు మోసపోయేది ఇక్కడే. మధుర మీనాక్షి ఆలయం, శ్రీరంగంలోని శేషరాయర్ మండపం శిల్పాల్లో చెక్కిన కత్తులు, కటార్లు ఆ కాలపు ఆకారాలకు సాక్ష్యం. కానీ శిల్పి సంప్రదాయాన్ని అనుసరించి పాత నమూనానూ చెక్కి ఉండవచ్చు.

ఉక్కు

కోయంబత్తూరు సీమకు ఉక్కుతో చాలా పాత సంబంధం ఉంది. నొయ్యల్ ఒడ్డున కొడుమణల్ తవ్వకాల్లో ఇనుము, మూస ఉక్కు తయారీ ఆనవాళ్ళు బయటపడ్డాయి. తెలంగాణలో కోనసముద్రం మూస ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలినాళ్ళలో వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. ఇలాంటి ఉక్కు అలుగును నునుపు చేసి పలచని ఆమ్లం తగిలిస్తే నీళ్ళ మీద అలల్లాంటి చారలు తేలతాయి. లోహంలో ఉండే కొద్దిపాటి వెనేడియం వంటి మూలకాల వల్ల కార్బైడు వరసలు కట్టడం దీనికి కారణం. ఇప్పుడు అమ్మకానికి వచ్చే డమాస్కస్ కత్తులు ఎక్కువగా రెండు రకాల ఉక్కును మడిచి అతికినవి. వాటి చారలు మరీ క్రమంగా, అంచు దాకా ఒకే తీరున ఉంటాయి. కొన్నదాన్ని పరీక్షించాలన్న ఆత్రంతో ఇంట్లో ఆమ్లం పోయడం మాత్రం ఘోరం. తరతరాల ఉపరితలం ఒక్క పూటలో పోతుంది.

ఈటెలు

పాళెగాళ్ళ పేరు మోసిన ఆయుధం కత్తి కాదు, పొడవాటి ఈటె. 1801 యుద్ధంలో పాల్గొన్న జేమ్స్ వెల్ష్ 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో పాళెగాళ్ళ పొడుగు ఈటెలను, కల్లరులు వాడే వంకర కర్ర వలరిని వర్ణించాడు. ఆ రెంటినీ విసరడం తనకు చిన్న మరుదు నేర్పాడని కూడా రాశాడు. ఈటె కర్ర మాత్రం మిగలదు. చెద, వాన, కొత్త కర్ర అమర్చడం, వీటన్నిటి మధ్య నేడు చేతికొచ్చే కర్ర చాలావరకు 20వ శతాబ్దానిదే. మొనల ఆకారం కూడా శతాబ్దాల తరబడి మారలేదు. కాబట్టి కర్ర దూరే గొట్టాన్ని చూడాలి. రేకును చుట్టి కాల్చి అతికిన గొట్టంలో లోపలి వైపు అతుకు గీత కనిపిస్తుంది. పొన్ను ఇత్తడిదైతే కర్ర వైపు దాని అంచు చేతితో కొట్టిందా, యంత్రంతో కోసిందా అన్నది తెలుస్తుంది. ఇంతకు మించి ఈటెకు కచ్చితమైన సంవత్సరం చెప్పేవాళ్ళను నమ్మకపోవడం మంచిది.

గుళ్ళోని వేలాయుధం, కరుప్పసామి ముందు నాటిన అరివాళ్ళు యుద్ధాయుధాలు కావు. మొక్కు చెల్లించడానికి వాటిని ఇప్పటికీ చేస్తున్నారు. శివగంగ జిల్లా తిరుప్పాచేత్తి అరివాళ్ళకు పేరుపొందింది. నూనె, పసుపు, వాన కలిస్తే కొత్త ఇనుము కూడా కొన్నేళ్ళకే వందేళ్ళ దానిలా కనిపిస్తుంది. కంబళత్తు నాయకుల జక్కమ్మ గుళ్ళలోని కత్తులకూ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది. పైగా అవి పూజలో ఉన్న వస్తువులు. సేకర్త వాటిని చూసి, రాసుకుని, అక్కడే వదిలిపెట్టాలి.

తుపాకులు

తుపాకుల కాలనిర్ణయమే అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే అవి ముద్రలతో పుట్టాయి. మొదటివి వత్తి తుపాకులు. స్ప్రింగు బయటికి కనిపించే ఇత్తడి పలక ఉంటే పోర్చుగీసు వాళ్ళ ద్వారా పశ్చిమ తీరానికి వచ్చిన పద్ధతి. యంత్రం చెక్క లోపల దాగి, వత్తి పట్టే కొక్కెం మాత్రమే పైకి ఉంటే మొగలు పద్ధతి. ఈ రెండూ 19వ శతాబ్దంలోకి కూడా తయారయ్యాయి.

చెకుముకి తుపాకుల్లో కంపెనీవే ఎక్కువ. తాళపు పలక మీద నాలుగు గదులుగా విడిన హృదయం బొమ్మ, గదుల్లో వి, ఇ, ఐ, సి అక్షరాలు, పైన 4 అంకె ఉంటే కంపెనీ ముద్ర. 1808 ప్రాంతంలో దాని స్థానంలో నిలబడిన సింహం వచ్చింది. బ్రిటిష్ సైన్యం 1764 తరవాత తాళం మీద సంవత్సరం కొట్టడం మానేసింది, కంపెనీ మాత్రం కొట్టించింది. అది సేకర్తల అదృష్టం. 39 అంగుళాల గొట్టం ఉన్న నమూనాను 1790లలో బ్రిటిష్ సైన్యం కూడా తీసుకుంది. గొట్టం మీద బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర ఉంటే 1813కు ముందుది కాదు. 1840ల నుంచి ఎన్నో చెకుముకి తుపాకులకు టోపీ తూటా అమర్చారు. అలా మార్చినదానిలో పలక మీద పూడ్చిన మేకు రంధ్రాలు, గొట్టం పక్కన కొత్తగా దించిన ముక్క కనబడతాయి. అప్పుడు తేదీలు రెండు రాసుకోవాలి: పుట్టినది, మారినది.

హైదర్ అలీ 1755లో దిండిగల్ ఫౌజ్‌దారు అయ్యాక అక్కడ ఆయుధాల కార్ఖానా పెట్టాడు. కోయంబత్తూరు 1799 దాకా మైసూరుదే. అందువల్ల పులిచారల అలంకారమున్న టిప్పు తుపాకులు ఈ వైపు తేలడంలో వింత లేదు. వాటి మీది సంవత్సరం టిప్పు ప్రవేశపెట్టిన మౌలూదీ శకానిది. హిజ్రీ అనుకుంటే లెక్క పదేళ్ళకు పైగా తప్పుతుంది.

తేదీలు, నకిలీలు

తెలుగు ఇళ్ళ వస్తువుల మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. సిద్ధార్థి అని ఉంటే 1739, 1799, 1859, 1919 ఏదైనా కావచ్చు. లిపి తీరు, లోహం చూశాకే వాటిలో ఒకటి ఎంచుకోవాలి. హిజ్రీ అంకెను 0.97తో హెచ్చించి 622 కలిపితే దాదాపు సరైన సంవత్సరం వస్తుంది.

నకిలీని పట్టించే గుర్తులు సాధారణంగా అందంగా లేని చోట్ల ఉంటాయి. పిడి కింద, ఒర నోట్లో, మేకు తల పక్కన తుప్పు లేకుండా పైన మాత్రమే ఒకేలా ఉంటే ఆమ్లంలో ముంచినట్టే. గ్రైండరు గీతలు, విద్యుత్ అతుకులు, ఒకే కొలత మర ఉన్న స్క్రూలు కొత్త పనికి గుర్తులు. స్క్రూ మరలకు ప్రామాణిక కొలత 1841లో విట్‌వర్త్ ప్రతిపాదించాడు. అంతకు ముందువి ఒకదానికొకటి సరిపోవు. కత్తెరలా విచ్చుకునే కటార్లలో ఎక్కువభాగం 19వ శతాబ్దం చివర వింత వస్తువులుగా అమ్ముకోవడానికి చేసినవి. ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీసి, బరువు, పొడవు రాసుకుని, పలచగా నూనె రాసి వదిలేయడమే సరైన సంరక్షణ.

చట్టం

వందేళ్ళు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. తుపాకుల విషయంలో 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను కాలం చెల్లిన, మరమ్మతు చేసినా పేలని వాటికి మినహాయింపు ఇస్తుంది. పేలే అవకాశం ఉన్న టోపీ తుపాకికి, అది ఎంత పాతదైనా, లైసెన్సు కావాలి.