మన్యంలో మొదటి తుపాకులు

మొన్న నా పూర్వ విద్యార్థి ఒకడు చోడవరంలో మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, గురి సాధనకూ ఇంటి రక్షణకూ ఒక పిస్తోలు కొందామనుకుంటున్నానండి" అన్నాడు. డబ్బున్నంత మాత్రాన దొరికే వస్తువు కాదది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి, లైసెన్సు చేతికి రావాలి.

అతడు వెళ్ళాక నా మనస్సు నర్సీపట్నం మీదుగా మన్యానికి పోయింది. 1878లో ఆంగ్లేయులు చేసిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసింది. దాని నిబంధనలు ఐరోపావారిని చాలాకాలం మినహాయించాయి. మన్యం గిరిజనుడికి దిక్కు విల్లంబులే.

వెట్టిచాకిరినీ అడవి ఆంక్షలనూ సహించలేక అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారు తుపాకులను అంగడిలో కొనలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులనూ, దాదాపు 2,500 తూటాలనూ వశపరచుకొన్నారు. తీసుకొన్నవాటి వివరం ఠాణా పుస్తకంలో వ్రాసి రాజు సంతకం చేశాడని ప్రసిద్ధి. దొంగకు సంతకంతో పనేమి? ఆ సంతకమే నన్ను ఇన్నేళ్ళూ ఆలోచింపజేస్తున్నది.

1924 మే 7న కొయ్యూరు వద్ద పాలకుల తుపాకీకే ఆయన బలియైనాడు. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది. 2022లో మన్యం ఆయన పేరిట జిల్లా అయినది. మా చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరినది.

మరునాడు శిష్యుడికి ఫోను చేశాను. గురి కుదరాలంటే ముందు రైఫిల్ క్లబ్బులో చేరమన్నాను. ఇంటి రక్షణ మాటకు మాత్రం, "ఎవరి మీద నాయనా భయం?" అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.