జీపు బానెట్టు కింద ట్రాక్టరు ఇంజను

పాత పెద్ద బండ్ల మీద మోజున్న అమెరికావాళ్లకు ఇంజను ఎంత పెద్దదైతే అంత గొప్ప. 1935 నుంచి వస్తున్న షెవర్లే సబర్బన్‌లో ఒకప్పుడు 7.4 లీటర్ల ఇంజను కూడా దొరికేది. అదీ చాలక ఇంకా పెంచుకునేవాళ్లున్నారు. మన దగ్గర కథ వేరు. ఇక్కడ బండి మార్చడమంటే పెట్రోలు ఇంజను దింపేసి డీజిలు ఎక్కించడం. వేగం పోయినా సరే, ఖర్చు తగ్గాలి.

అలా మార్చిన జీపులు తిరిగిన దారి ఒకటుంది. ఎలమంచిలిలో హైవే వదిలి కోటవురట్ల మీదుగా పడమటికి వెళితే నర్సీపట్నం, అది దాటితే లంబసింగి, చింతపల్లి. ఆ కొండరోడ్డుకు చేదు గతం ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత రోడ్డు పనులు చేయించడం 1922 మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. వాళ్ల చెమటతో వేసిన ఆ దారుల్లోనే తర్వాతి కాలంలో జీపులు తిరిగాయి.

జీపు మన దేశానికి రెండో ప్రపంచయుద్ధంతో వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల సేనలు వదిలేసిన బండ్లు వేలానికి వచ్చాయి. పాత బండిని బాగుచేసి వాడుకోవచ్చన్న నమ్మకం ప్రభుత్వానికీ ఉండేది. 1948లో లండన్‌లో హైకమిషనరుగా ఉన్న కృష్ణమీనన్ సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులు కొనడానికి 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. చేరినవి 155. అవీ పనికి రాలేదు. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణం సెకండ్‌హ్యాండ్ బండ్ల బేరం కావడం విచిత్రమే.

1940ల చివర్లో మహీంద్రావాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1953లో అమెరికాలో వచ్చిన ఎత్తు బానెట్టు సీజే-3బీ మోడల్ ఇక్కడ దశాబ్దాల పాటు తయారైంది. రోడ్డుకు ఎడమపక్కన నడిచే దేశంలో స్టీరింగు కూడా ఎడమవైపే! వెనక ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని పెయింటు వేసి సరిపెట్టుకున్నారు. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక పల్లెకు బ్లాకు జీపు వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక అదే సమితి జీపు అయింది. దుమ్ము లేస్తే చాలు, ప్రెసిడెంటుగారో బీడీవోగారో వస్తున్నారని ఊరికి తెలిసిపోయేది. ఆ జీపులో పెట్రోలు పోయించేది సర్కారు కాబట్టి ఎంత తాగుతోందని అడిగేవాడు లేడు.

సర్కారు వాడి వదిలేసిన జీపు వేలంపాటలో రైతు చేతికో, కలప కంట్రాక్టరు చేతికో వచ్చాక అసలు సమస్య మొదలయ్యేది. 1973 చమురు సంక్షోభం తర్వాత 2.2 లీటర్ల పెట్రోలు ఇంజనును సొంత డబ్బుతో మేపడం ఎవరి తరం? మహీంద్రావాళ్లే తమ ట్రాక్టర్ల ఇంటర్నేషనల్ డీజిలు ఇంజనును జీపులో పెట్టారు, ఆ తర్వాత ప్యూజో డీజిలు వాడారు. కంపెనీ చేసింది మేం చేయలేమా అని విజయవాడ ఆటోనగర్ మొదలు చిన్న ఊళ్ల షెడ్ల దాకా మేస్త్రీలు రంగంలోకి దిగారు. ట్రాక్టరు ఇంజను, మాటాడోర్ ఇంజను, ఏది దొరికితే అది.

అనుకున్నంత తేలిక పని కాదది. కొత్త ఇంజను బోల్టు రంధ్రాలు పాత గేర్‌బాక్సు రంధ్రాలతో కలవవు. మందపాటి ఇనుప పలక తెచ్చి లేత్ మీద తిప్పి, ఒక వరస రంధ్రాలు ఇంజనుకు, ఇంకో వరస గేర్‌బాక్సుకు సరిపోయేలా వేయాలి. రెండింటి మధ్య గీత వెంట్రుకవాసి తప్పినా బేరింగు మోత మొదలవుతుంది, క్లచ్ ప్లేటు అరిగిపోతుంది. డీజిలు ఇంజను బరువుకు ముందు భాగం కుంగుతుంది కనుక కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయాలి. స్టార్టు కావడానికి పెద్ద బ్యాటరీ కావాలి. ఇన్నీ చేశాక కూడా బండి పరుగెత్తదు. వెనక యాక్సిల్ గేరు పెట్రోలు ఇంజను తిరుగుడుకు కుదిర్చింది, డీజిలు అంత వేగంగా తిరగదు. అయితేనేం, ఘాట్ ఎక్కేటప్పుడు కావలసింది పరుగు కాదు, లాగుడు.

ఆ లాగుడు మీదే ఏజెన్సీలో సర్వీసు జీపులు బతికాయి. పొడవాటి కమాండర్ జీపులో లోపల ఎంతమంది, టాపు మీద ఎంతమంది, బానెట్టు మీద ఎంతమంది అన్నది సంతరోజును బట్టి ఉండేది. బస్సు రాని చోటికి మనిషినీ మూటనూ చేర్చింది అదే. ప్రమాదాలూ అంతే జరిగాయి. ఆ బండ్లను తలచుకుని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు.

తెలుగునాట మార్పులు చేసిన పాత బండ్లలో అన్నిటికంటే పేరుపడ్డది మాత్రం జీపు కాదు, షెవర్లే వ్యాను. 1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు దాన్ని చైతన్యరథంగా మార్పించారు. టాపు మీద నిలబడి మాట్లాడే వేదిక, మైకులు, లోపల పడక. కొడుకు హరికృష్ణ నడిపారు. 1983 జనవరి ఎన్నికల నాటికి ఆ బండి చూడని తెలుగు జిల్లా లేదు. తర్వాత దేశంలో ఏ నాయకుడి ప్రచారరథం చూసినా దాని పోలిక కనిపిస్తుంది.

అమెరికావాళ్ల పెద్ద ఇంజనుకు మన దేశంలో కాస్త దగ్గరగా వచ్చేది జోంగా. నిస్సాన్ ప్యాట్రోల్ నమూనాతో 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైంది. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ, పెట్రోలు. సైన్యం వేలంలో తక్కువకే దొరికేది. కొన్నవాడు ఇంటికి తెచ్చి ఆ ఆరు సిలిండర్లను పీకించి, డీజిలు బిగించి, వాటిని తుక్కు కింద అమ్మేసేవాడు. ఇప్పుడు అవే ఇంజన్ల కోసం జనం ఊరూరా వెతుకుతున్నారు! జీపు మోజున్న ఈ తరానికి ఫ్యాక్టరీలో పుట్టినట్టున్న బండి కావాలి. తండ్రులు దింపించిన పెట్రోలు ఇంజనును కొడుకులు మళ్లీ ఎక్కిస్తున్నారు. హంగుల కోసమైతే హర్యానాలోని మండీ డబ్వాలీకి పోతారు. అక్కడ తుక్కు జీపులను కొత్తగా చేసి అమ్మే షెడ్లు బారులు తీరి ఉంటాయి.

చట్టం ఈ సరదాకు అడ్డుపడింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే రకం ఇంజను మార్చుకోవడానికి మాత్రం అనుమతి తీసుకునే దారి ఉంది. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. రోడ్డు భద్రత మాట కాదనలేం. కానీ నలభై ఏళ్ల కిందట మేస్త్రీ బతుకుతెరువు కోసం చేసిన పనినీ, నిన్న కుర్రాడు లైట్ల కోసం చేసిన పనినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అందుకే పాత జీపు బేరానికి వెళ్లిన తెలివైనవాడు ముందు బానెట్టు ఎత్తడు, ఆర్సీ అడుగుతాడు. అందులో ఇంధనం పెట్రోలు అని ఉండి, బండి డీజిలు మోత మోగుతుంటే, ఆ మార్పును బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎక్కడైనా రాశాడో లేదో చూసుకున్నాకే ధర మాట్లాడతాడు.