వాతమా, నీళ్లా?

"నడుము పట్టేసింది నాయనా, కాళ్లు తిమ్మిరెక్కినాయి" - మా కర్నూలు, కడప పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినబడే మాట ఇది. వెంటనే "వాతం" అని తీర్పు చెప్పేస్తారు. ఆముదం కాచి రుద్దుతారు. తగ్గకపోతే కర్మ!

కొన్ని ఊళ్లలో వాతం మీద ఈ నింద అన్యాయమని 1937లోనే తేలింది. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో నడుము వంగని మనుషులను చూసిన షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతులు దోషం బావినీటిలోని ఫ్లోరైడ్‌దని చాటారు. ఆ పక్కదే మార్కాపురం. 1970 దాకా అది కర్నూలు జిల్లాయే. రాతిపొరలకు జిల్లా సరిహద్దులేం తెలుసు? మా రెండు జిల్లాల్లోనూ అలాంటి నీళ్లున్న ఊళ్లున్నాయి.

ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. వెన్నుపూసలు బిగిసి, లోపలి దారి ఇరుకై నరాలు నలుగుతాయి. తిమ్మిరి అందుకే.

బిగిసిన ఎముకను మళ్లీ వదులు చేసే మందు లేదు. నీళ్లు మార్చడమే ముఖ్యం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పటిక, సున్నం వేసి తేర్చే "నల్గొండ పద్ధతి" మన గడ్డ పేరు మీదే వెలిసింది. పాలు, ఉసిరి వంటి పోషకాహారమూ మేలే.

అన్ని నొప్పులూ నీళ్లవి కావు సుమా! డిస్కు జారినా, మధుమేహమున్నా తిమ్మిరి వస్తుంది. తిమ్మిరితో పాటు మూత్రం పట్టు తప్పితే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. డాక్టరు దగ్గర నొప్పి ఒక్కటే కాదు, ఏ బావినీళ్లు తాగుతున్నారో కూడా చెప్పండి.