లాటినా, లాటినో: ఒక డిగ్రీ పేరులోని చరిత్ర

పెన్‌పహాడ్ నుంచి డిగ్రీకి సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో వెళ్లే పిల్లలకు బీఏలో చరిత్ర, రాజనీతి, తెలుగు పరిచయమే. అమెరికాలో ‘లాటినా, లాటినో అధ్యయనాలు’ అన్న బీఏ కూడా ఉంది. పేరు చూసి లాటిన్ భాష నేర్పే చదువనుకోవద్దు. అమెరికాలో ఉండే లాటిన్ అమెరికా మూలాల వారి గురించిన చదువు అది.

‘లాటినో’ మాటకు మూలం రోము పరిసరాల్లోని లాటియం సీమ. అక్కడి భాష లాటిన్. దాని సంతతి భాషలు మాట్లాడే అమెరికా ఖండాల దేశాలకు 19వ శతాబ్దంలో ‘లాటిన్ అమెరికా’ అన్న పేరు స్థిరపడింది. స్పానిష్‌లో ‘లాటినోఅమెరికానో’ కుదించుకుపోయి లాటినో అయింది. చివర ఓ ఉంటే పురుషుడు, ఆ ఉంటే స్త్రీ. మన విద్యార్థి, విద్యార్థినిలాగే. స్పానిష్ మాట్లాడేవాళ్ల నోట అది ‘లతీనో’. మన ‘ట’ ఇంగ్లిష్ దారిన వచ్చింది.

ఈ చదువు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1968లో లాస్ ఏంజెలిస్‌లోని స్టేట్ కాలేజీలో మెక్సికన్ అమెరికన్ అధ్యయన శాఖ మొదలైంది. 1968-69లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి ఇలాంటి శాఖలు సాధించారు. వలసలు, కూలీల పోరాటాలు, సాహిత్యం, చట్టాలు ఈ చదువులో పాఠాలు.

వాళ్లలాగే మనకూ పోరాట చరిత్ర ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల మనది. డిగ్రీ పిల్లలారా, ఏ కోర్సులో చేరినా మీ ఊరి చరిత్రనూ పాఠంగా చదవండి, రాయండి.