మా గొంతు ఎందుకు పెద్దదయ్యింది

మా మాదిగపల్లెలో చిన్న గొంతున్నోళ్లు లేరు. మాయమ్మ ఇంటి ముందు నిలబడి పిలిస్తే చెరువుకట్ట మీదున్నోళ్లు తిరిగి చూసేవాళ్లు. ఊళ్లోవాళ్లు దాన్ని 'మాదిగ గొంతు' అంటారు. చదువుకున్నోళ్లు అదే మాటను 'కర్ణకఠోరం' అంటారు. నేను టీచరుగా చేరిన కొత్తల్లో స్టాఫురూములో ఒకాయన, "మెల్లగా మాట్లాడండి మాస్టారూ, ఇదేమన్నా పల్లె అనుకున్నారా?" అన్నాడు. మా గొంతు ఇట్లా ఎందుకయ్యిందో చరిత్రలో వెతుక్కున్నాను.

5వ శతాబ్దం మొదట్లో మన దేశానికొచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ఒక సంగతి రాసిపెట్టాడు. చండాలురు ఊరి బయట బతికేవాళ్లు. నగరంలోకో అంగడికో వచ్చేటప్పుడు కట్టెముక్క కొట్టి చప్పుడు చేసేవాళ్లు. అది విని మిగతావాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. అంటే 1600 ఏళ్ల కిందటే చప్పుడు చెయ్యడం మాకు అంటగట్టారు.

మా తాత ఊరికి వెట్టివాడు. గడప దగ్గరికి పోకూడదు. దూరంగా నిలబడి "సామీ" అని కేకేస్తేనే లోపలున్నోళ్లకు వినపడేది. కరణం గుసగుసగా చెప్పిన మాటను ఊరంతా తిరిగి చాటేది కూడా ఆయనే. దగ్గరికి రానిచ్చుంటే మా గొంతు తగ్గేది. రానివ్వనోళ్లే ఈ గొంతు గరుకని ఎక్కిరించారు.

డప్పు కథా అంతే. కొయ్య చట్రానికి మేకతోలు బిగించి మంట మీద కాస్తే, తోల్లో తేమ పోయి బిగుసుకుంటుంది. కుడిచేతి చిర్ర, ఎడమచేతి చిటికెనపుల్ల పడితే ఖంగుమంటుంది. ఊరి చివరిదాకా వినపడాలని చేసిన వాయిద్యమది. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాలను బాగా పట్టుకుంటుందని సైన్సు చెబుతుంది. పసిబిడ్డ ఏడుపులోనూ ఆ వాడి ఉంటుంది. దాన్ని ఏ తల్లీ కఠోరమనదు, లేచి పరిగెత్తుతుంది.

మృదంగానిక్కూడా ఆవు, గేదె, మేక తోళ్లే కావాలి. తమిళనాడులో ఆ తోలుపని చేసే దళితుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకమే రాశాడు. అక్కడా తోలు శుభ్రం చేసేది మనవాళ్లే. అదే తోలు కచేరీలో మోగితే నాదం, మా చావు ముందు మోగితే రొద. తేడా తోలులో లేదు, వినేవాడి చెవిలో ఉంది.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం 'దండోరా' అని పేరు పెట్టుకుంది. ఎవరి మాటో చాటిన డప్పు అప్పుడు మా మాట చాటింది. ఎస్సీల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 ఆగస్టు 1 వచ్చింది. 30 ఏళ్లు కొడితే గాని ఆ చెవికి వినపడలేదు.

నా క్లాసులో పల్లె పిల్లోడు పాఠం చదివితే పక్కపిల్లలు చెవులు మూసుకుని నవ్వుతారు. వాడు సిగ్గుపడి గొంతు తగ్గిస్తాడు. "తగ్గించమాక నాయనా, వెనక బెంచీదాకా వినపడాల" అంటాను.